పదేళ్ళ పద్దు

మొన్న ఆదివారం హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోను చేశాడు. కుశల ప్రశ్నలన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "అమ్మా, కాస్త పెద్ద బండి తీసుకుందామనుకుంటున్నాం. డీజిలుది తీసుకోవాలా, హైబ్రిడ్డు తీసుకోవాలా తేలడం లేదు. నాన్నగారిని మెల్లిగా కదిపి చూడు" అన్నాడు.

ఆయన్నే అడగొచ్చు కదా అంటారేమో. మా ఇంట్లో డీజిలు అన్న మాట మావారి ఎదుట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. దానికో కథ ఉంది. ముందు అది చెప్పేస్తే తర్వాతి చరిత్రంతా మీకు సులువుగా బోధపడుతుంది.

అది 2012 వేసవి. ఆ ఏడు మే నెలలో పెట్రోలు ధర ఒక్కసారిగా లీటరుకి ఏడున్నర రూపాయలు పెరిగింది. ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు దాటితే, డీజిలు 41 దగ్గర నిలిచింది. మన రాష్ట్రంలో పన్నులు ఎక్కువ గనుక రెండూ మరికాస్త పైనే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మావారికి కారు కొనాలన్న బుద్ధి పుట్టింది. రెండురూళ్ళ నోటుబుక్కు ఒకటి తీసి, రాత్రి భోజనాలయ్యాక నన్ను కూచోబెట్టి లెక్క వేసి చూపించారు.

"పెట్రోలు 80, డీజిలు 45 అనుకో. పెట్రోలు బండి లీటరుకి 15 కిలోమీటర్లు వస్తుంది, డీజిలుది 19 వస్తుంది. అంటే కిలోమీటరుకి మూడు రూపాయలు మిగులు. ఏడాదికి 18 వేల కిలోమీటర్లు తిరిగితే 54 వేలు. డీజిలు బండికి మనం ఎక్కువ పెట్టేది లక్షా పాతిక వేలు. రెండేళ్ళ నాలుగు నెలల్లో అది కాస్తా తిరిగొచ్చేస్తుంది. ఆ పైన నడిచిందంతా లాభమే!"

లెక్కలో తప్పు ఎక్కడా లేదు. గుణకారాలు, భాగహారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ లక్షా పాతిక వేలు ఎక్కడివంటారా? నావే. అమ్మాయి పై చదువుకి అక్కరకొస్తాయని నెల నెలా ఇంటి ఖర్చులో మిగిల్చి పోస్టాఫీసులో దాచినవి. "ఇది ఖర్చు కాదోయ్, పెట్టుబడి" అన్నారాయన. పెట్టుబడి అన్న మాట వింటే ఆడవాళ్ళకి నోరు పెగలదు కదా, ఇచ్చేశాను.

ఇలా మోసపోయింది మేమొక్కరమే కాదనీ, అసలు మమ్మల్ని ఎవరూ మోసం చెయ్యలేదనీ తర్వాత తర్వాత చదువుకుంటే తెలిసింది. ఈ డీజిలుకీ హైబ్రిడ్డుకీ ఉన్న తగవు మన అబ్బాయిలు పుట్టక ముందుది. మన తాతలనాటిదంటే మీరు నమ్ముతారా?

డీజిలు అనేది నూనె పేరు కాదు, ముందు ఒక మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో పుట్టిన జర్మన్. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలు నడిపే ఆవిరి యంత్రాలు తిన్న బొగ్గులో పదోవంతు కూడా పనిగా మార్చేవి కావు. మిగిలిందంతా పొగగొట్టంలోంచి ఆకాశానికే. ఈ దుబారా చూడలేక ఆయన వేరే ఇంజను కనిపెట్టే పనిలో పడ్డాడు. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో అది నిలకడగా నడిచింది.

దాని కిటుకు ఏమిటంటే, పెట్రోలు ఇంజనుకి మల్లే ఇందులో నిప్పురవ్వతో మంట పెట్టక్కర్లేదు. గాలిని బాగా అదిమితే వేడెక్కుతుంది. సైకిలు పంపు నాలుగుసార్లు గట్టిగా కొట్టి మొదలు ముట్టుకుంటే చురుక్కుమంటుంది చూడండి, అదే. డీజిలు ఇంజనులో గాలిని ఎంతగా అదుముతారంటే, ఆ వేడికి చిమ్మిన నూనె తనంత తానే భగ్గుమంటుంది. అందువల్ల తక్కువ నూనెతో ఎక్కువ పని. కానీ అంత ఒత్తిడిని తట్టుకోవాలంటే ఇంజను గోడలు మందంగా, దిట్టంగా ఉండాలి. నూనె చిమ్మే పంపు గట్టిదై ఉండాలి. అంచేత డీజిలు బండి ఎప్పుడూ కొన్ననాడు ఖరీదు, నడిపిన కొద్దీ చవక. పుట్టుకతో వచ్చిన లక్షణం అది. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఈ ఇంజనుని వేరుశెనగ నూనెతో నడిపి చూపించారట. మన రాయలసీమవాళ్ళు వింటే సంతోషిస్తారు. పాపం, లోకానికంతా ఇంధనం ఆదా చేసిపెట్టిన ఆ మహానుభావుడు తన సొంత పద్దు మాత్రం సరిచేసుకోలేకపోయాడు. ఆస్తులు హరించుకుపోయి, అప్పుల్లో కూరుకుపోయి, 1913 సెప్టెంబరులో ఇంగ్లండు వెళ్ళే ఓడ ఎక్కి రాత్రికి రాత్రి మాయమయ్యాడు. కొన్నాళ్ళకి శవం సముద్రంలో దొరికింది. పడ్డాడో, దూకాడో, ఎవరైనా తోశారో ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు.

ఇక హైబ్రిడ్డు సంగతి. ఇది నిన్నగాక మొన్న పుట్టిన వింత అనుకుంటాం గానీ, దీనికీ అంతే వయసు. సుమారు 1900లోనే వియన్నాలో ఫెర్డినాండ్ పోర్షె అనే పాతికేళ్ళ కుర్రవాడు పెట్రోలు ఇంజనూ, బ్యాటరీ, చక్రాల్లోనే కరెంటు మోటార్లూ పెట్టి ఒక బండి తయారుచేశాడు. దానికి లాటిన్‌లో 'సెంపర్ వివస్' అని పేరు పెట్టారు. అంటే ఎల్లప్పుడూ బతికే ఉండేది అని అర్థం. పేరులో ఉన్న బలం బండిలో లేకపోయింది. బరువెక్కువ, ఖరీదెక్కువ. పెట్రోలు చూస్తే నీళ్ళకన్నా కాస్త ప్రియం, అంతే. ఆదా ఎవరికి కావాలి? మూలపడింది.

డీజిలు మాత్రం ఓడల్లోకీ, లారీల్లోకీ, రైళ్ళలోకీ పాకింది. 1936లో మెర్సిడెస్ బెంజ్‌వాళ్ళు 260 డి అనే డీజిలు కారు వరసగా తయారు చెయ్యడం మొదలుపెట్టారు. దాన్ని ముందుగా ఇష్టపడింది ఎవరనుకున్నారు? టాక్సీవాళ్ళు! పొద్దస్తమానం తిరిగేవాడికే డీజిలు కిట్టుతుందని ఆనాడే వాళ్ళు కనిపెట్టేశారు. మా ఇంట్లో కనిపెట్టడానికి మరో ఎనభై ఏళ్ళకి పైనే పట్టింది.

1973లో అరబ్బు దేశాలు చమురు బిగించాయి. కొద్ది నెలల్లోనే పీపా ధర ఇంచుమించు నాలుగింతలయింది. అమెరికాలో పెట్రోలు బంకుల ముందు మైళ్ళ పొడుగు వరసలు. ఇంచుమించు ఆ రోజుల్లోనే మళ్ళీ హైబ్రిడ్డు గుర్తొచ్చింది. విక్టర్ వోక్ అనే ఇంజనీరు, నవలా రచయిత హెర్మన్ వోక్‌కి తమ్ముడు, ఒక బ్యూయిక్ కారుని హైబ్రిడ్డుగా మార్చి సర్కారువారికి చూపించాడు. బాగానే నడిచినా ఆ పథకం ముందుకు సాగలేదు. చివరికి 1997 డిసెంబరులో జపానులో టొయోటావాళ్ళు 'ప్రియస్' అనే కారుని అమ్మకానికి పెట్టేదాకా హైబ్రిడ్డుకి మోక్షం రాలేదు.

ఇంతకీ హైబ్రిడ్డు చేసేదేమిటి? మన వంటింటి భాషలో చెబుతాను. పూర్వం మా అమ్మమ్మ అన్నం వార్చిన గంజి ఎన్నడూ పారబోసేది కాదు. కొంత ఉప్పేసి తాగడానికి, కొంత చీరలకి పెట్టడానికి, మిగిలింది గేదె కుడితిలోకి. మామూలు కారు గంజి పారబోసే ఇల్లు. వేగంగా పోయే బండికి బ్రేకు వేస్తే ఆ పరుగులోని శక్తంతా బ్రేకు దగ్గర వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మళ్ళీ కదలాలంటే కొత్తగా పెట్రోలు తగలెయ్యాలి. హైబ్రిడ్డు బండిలో బ్రేకు వేసినప్పుడు ఆ పరుగే ఒక మోటారుని తిప్పి కరెంటు పుట్టిస్తుంది. అది బ్యాటరీలో చేరి, మళ్ళీ కదిలేటప్పుడు అక్కరకొస్తుంది. సిగ్నలు దగ్గర ఆగితే ఇంజనూ ఆగిపోతుంది. నూనె చుక్క ఖర్చవదు. ప్లగ్గు పెట్టి ఛార్జింగు చేసే పనీ లేదు.

కాబట్టి ఎన్నిసార్లు ఆగితే అంత గంజి. అమీర్‌పేట ట్రాఫిక్కులో హైబ్రిడ్డు మహారాణి. విజయవాడ హైవే మీద ఆగకుండా పోతే ఆ దర్జా కొంత తగ్గుతుంది. డీజిలు దీనికి సరిగ్గా తలకిందులు. దానికి నిటారు రోడ్డే పుట్టిల్లు.

ఇక మన దేశానికి వద్దాం. అంబాసిడర్ కారుకి 1980 ప్రాంతంలో డీజిలు ఇంజను వచ్చింది. దడదడమని చప్పుడు, నల్లటి పొగ. ఇంటి కారుగా ఎవరూ పెద్దగా ముచ్చట పడలేదు. టాక్సీవాళ్ళు మాత్రం కళ్ళకద్దుకున్నారు. 1998 చివర్లో టాటావారు ఇండికాని డీజిలు ఇంజనుతో చవగ్గా దింపారు. 2007లో మారుతీ స్విఫ్ట్‌కి ఫియట్‌వారి 1.3 లీటర్ల డీజిలు ఇంజను వచ్చింది. చప్పుడు తగ్గింది, పొగ తగ్గింది, ఇల్లాళ్ళు కూడా నడపగలిగేంత సౌమ్యంగా తయారైంది. అంతవరకూ టాక్సీలదైన డీజిలు, అప్పుడు మధ్యతరగతి వాకిట్లోకి వచ్చింది.

కానీ జనం ఎగబడింది ఇంజను సౌమ్యత చూసి కాదు, బంకు దగ్గర ధరల బోర్డు చూసి. డీజిలు అంత చవగ్గా ఎందుకుండేది? భూమిలోంచి చవగ్గా వచ్చిందనా? కాదు. లారీలు, బస్సులు, పొలాల్లో పంపుసెట్లు దాని మీదే నడుస్తాయి గనుక, దాని ధర పెరిగితే బియ్యం దగ్గర్నించి ఉల్లిపాయల దాకా పెరుగుతాయని ప్రభుత్వం తొక్కిపెట్టి ఉంచింది. 2010 జూన్‌లో పెట్రోలు ధరని మార్కెట్టుకి వదిలేసి, డీజిలు ధర మాత్రం చేతిలో పెట్టుకుంది. దాంతో రెండింటి మధ్య అగాధం ఏర్పడింది. రైతు కోసం, లారీ కోసం తగ్గించిన ధరకి మనం కార్లు నింపుకుని ఊరేగామన్నమాట. కిరీట్ పారిఖ్ కమిటీ 2010లోనే ఈ సంగతి గుర్తించి, డీజిలు కార్ల మీద అదనంగా 80 వేల రూపాయల సుంకం వెయ్యమని సలహా ఇచ్చింది. ఆ సలహా అమలు కాలేదు. అమలయి ఉంటే మావారి నోటుబుక్కు లెక్క ఆనాడే తేలిపోయేది, నా పోస్టాఫీసు డబ్బు నాకు మిగిలేది. 2012, 13 ప్రాంతంలో దేశంలో అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిలువే. అందులో మాదొకటి.

తర్వాత ఏమయిందో చూడండి. 2013 జనవరిలో డీజిలు మీద నెలకి అర్ధరూపాయి చొప్పున పెంచడం మొదలుపెట్టారు. అర్ధరూపాయే కదా అనిపించింది. ఏడాది తిరిగేసరికి ఆరు రూపాయలు. 2014 అక్టోబరులో డీజిలు ధరని కూడా పూర్తిగా మార్కెట్టుకి వదిలేశారు. ముప్ఫై రూపాయలకి పైగా ఉన్న తేడా కరిగిపోతూ వచ్చింది. 2020 జూన్ 24న ఢిల్లీలో డీజిలు లీటరు 79 రూపాయల 88 పైసలు, పెట్రోలు 79 రూపాయల 76 పైసలు! దేశ రాజధానిలో డీజిలు పెట్రోలుని దాటడం అదే మొదటిసారి. ఆ ఉదయం పేపరు చూసి మావారు కాఫీ తాగకుండానే లేచిపోయారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, పొగ నిబంధనలు వచ్చిపడ్డాయి. 2015 సెప్టెంబరులో జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ కంపెనీ డీజిలు కార్ల పొగ పరీక్షల్లో దొంగలెక్కలు చూపిందని అమెరికాలో బయటపడింది. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల బండ్లలో ఆ మోసపు ఏర్పాటు ఉందని కంపెనీయే ఒప్పుకుంది. డీజిలు శుభ్రమైనదని నమ్మిన యూరపు జనం కంగుతిన్నారు. అదే ఏడాది మన హరిత ట్రిబ్యునల్, పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదంది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. 2025లో ఆ కట్టడిని కొంత సడలించిందనుకోండి. కానీ ఈ మధ్యలో ఎందరు తమ బండ్లని అయినకాడికి అమ్ముకున్నారో!

2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజి 6 నియమాలు వచ్చాయి. డీజిలు బండి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ తప్పనిసరయింది. అది కట్టెల పొయ్యి మీది చిమ్నీ లాంటిది, మసి పేరుకుంటుంది. బండి హైవే మీద కాసేపు వేగంగా పోతే ఆ వేడికి మసి కాలిపోయి శుభ్రపడుతుంది. రోజూ ఇంటినుంచి బడికీ, బడినుంచి కూరల మార్కెట్టుకీ తిరిగే బండికి ఆ అవకాశమేదీ? జల్లెడ మూసుకుపోతుంది, మెకానిక్కు జేబు నిండుతుంది. ఈ ఖర్చులన్నీ కలిసి చిన్న డీజిలు కారుని మరీ ప్రియం చేశాయి. మారుతీవారు ఆ ఏడాదితో డీజిలు కార్లు మానేశారు.

ఇంతకీ మా బండి ఏమయిందంటారా? పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరుగుతాం అనుకున్నది, ఆఫీసు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే ఎలా తిరుగుతుంది? ఏడాదికి ఆరు వేలు దాటలేదు. అదీ ఏ పెళ్ళికో, పుష్కరానికో వెళితేనే. 2022లో బండి అమ్మేశాక నేను మావారికి తెలియకుండా అదే నోటుబుక్కు తీసి, పాత బిల్లులన్నీ ముందేసుకుని కూచున్నాను. పదేళ్ళలో నూనె మీద మిగిలింది సుమారు లక్షా పది వేలు. సర్వీసింగుకీ, ఇంజను ఆయిలుకీ పెట్రోలు బండికన్నా ఎక్కువయింది ఓ ముప్ఫై అయిదు వేలు. నికరంగా మిగిలింది డెబ్భై అయిదు వేలు. ఎక్కువ పెట్టింది లక్షా పాతిక. ఆ డబ్బు ఏడు శాతం వడ్డీకి కదలకుండా ఉండి ఉంటే పదేళ్ళకి దగ్గర దగ్గర రెండున్నర లక్షలయ్యేది. అమ్మాయి చదువుకి బ్యాంకులో అప్పు చేశాం. ఆ పిల్ల ఉద్యోగంలో చేరాక అయిదేళ్ళపాటు తన జీతంలోంచి వాయిదాలు కట్టుకుంది. ఒక్క మాట అనలేదు. అననందుకే మావారికి ఆ నోటుబుక్కంటే భయం.

ఏ మాటకామాటే చెప్పాలి, డీజిలు అందరినీ ముంచలేదు. మా వీధి చివర టాక్సీ నడిపే కుర్రవాడు అదే ఏడు అదే రకం బండి కొన్నాడు. వాడు ఏడాదికి యాభై వేల కిలోమీటర్లు తిరిగేవాడు. ఏడాదిలోపే ఎక్కువ పెట్టిన డబ్బు రాబట్టుకున్నాడు. మూడో ఏడు ఇంకో బండి వేశాడు. బండి ఒకటే, తిరుగుడు వేరు.

ఇప్పుడు మా అబ్బాయి ప్రశ్నకి వస్తాను. మన దేశంలో హైబ్రిడ్డు చాలా కష్టాలు పడి వచ్చింది. 2008లో హోండావారు సివిక్ హైబ్రిడ్డు తెచ్చారు. ధర ఇరవై లక్షలు దాటింది. కొనేవాళ్ళు కరువయ్యారు. 2010లో ప్రియస్ వచ్చింది, దానిదీ అదే గతి. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు, అంతకుముందు సుమారు 30 శాతం ఉన్న పన్ను ఒక్కసారిగా 43 శాతానికి ఎగబాకింది. కరెంటు కారుకి తర్వాత 5 శాతమే చేశారు. సగం కరెంటు దానికి మాత్రం ఆ కరుణ లేదు. 2022లో హోండా సిటీ హైబ్రిడ్డు, అటుపైన టొయోటా హైరైడర్, మారుతీ గ్రాండ్ విటారా, ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్ వరసగా వచ్చాక గానీ హైబ్రిడ్డు మన వీధుల్లో కనిపించలేదు.

ఇందులో ఇన్నోవా కథ మనకి బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఒకే కంపెనీ, ఒకే ఇంటిపేరు. పాత తీరులో డీజిలు క్రిస్టా, కొత్త తీరులో పెట్రోలు హైబ్రిడ్డు హైక్రాస్. హైక్రాస్ హైబ్రిడ్డుకి పరీక్షశాల ఇచ్చిన మైలేజీ లీటరుకి 23 కిలోమీటర్ల పైచిలుకు. పరీక్షశాల అంకె పెళ్ళిచూపుల నాటి మాట లాంటిది. ఇంటికొచ్చాక కొంత తగ్గించుకోవాలి. అంచేత మాటవరసకి హైబ్రిడ్డుకి 16, డీజిలుకి 12 వేసుకుందాం. 2024లో హైదరాబాదులో పెట్రోలు సుమారు 107 రూపాయలు, డీజిలు సుమారు 95. డీజిలు బండికి కిలోమీటరుకి 7 రూపాయల 92 పైసలు పడుతుంది, హైబ్రిడ్డుకి 6 రూపాయల 69 పైసలు. మిగులు రూపాయి 23 పైసలు.

హైబ్రిడ్డు ధర మూడు లక్షలు ఎక్కువ అనుకోండి. ఆ మూడు లక్షలు నూనె మీదే రాబట్టుకోవాలంటే దగ్గర దగ్గర రెండు లక్షల నలభై నాలుగు వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 15 వేలు తిరిగే ఇంటికి పదహారేళ్ళు పడుతుంది. 30 వేలు తిరిగితే ఎనిమిదేళ్ళు. ధరలో తేడా లక్షే అయితే 81 వేల కిలోమీటర్లకే సరిపోతుంది. చూశారా, అంకె ఒక్కటి మారితే తీర్పే మారిపోతుంది!

నూనె ఒక్కటే కాదు, మిగతా పద్దులు కూడా వెయ్యాలి. హైబ్రిడ్డులో మోటారే సగం బ్రేకు పని చేస్తుంది గనుక బ్రేకు ప్యాడ్లు ఎక్కువకాలం వస్తాయి. టొయోటా పద్ధతిలో క్లచ్చు లేదు, విడిగా స్టార్టరు మోటారు లేదు, ఆల్టర్నేటరు లేదు. లేనివి చెడవు. మరి బ్యాటరీ పోతే? అదే అందరి భయం. టొయోటావారు మన దేశంలో ఆ బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు, ఏది ముందయితే అది, పూచీ ఇస్తున్నారు. 2011లో అమెరికాలో 'కన్స్యూమర్ రిపోర్ట్స్' పత్రికవాళ్ళు రెండు లక్షల మైళ్ళు తిరిగిన పాత ప్రియస్‌ని, మొదటి బ్యాటరీతోనే, పరీక్షించి చూశారు. దశాబ్దం కిందట కొత్త బండికి వచ్చిన మైలేజీకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే భయం ఉన్నంతగా ప్రమాదం లేదు. కానీ అక్కడి చలికీ మన ఎండలకీ తేడా ఉంది గనుక, ఎనిమిదేళ్ళు దాటాక బ్యాటరీ పేరున కొంత సొమ్ము పక్కన పెట్టుకోవడం ఇంటి మర్యాద.

ఇంకొక్క మాట. 2025 సెప్టెంబరు 22న జి.ఎస్.టి. మళ్ళీ మారింది. పెద్ద డీజిలు బండ్ల మీద 50 శాతం దాకా ఉన్న పన్ను 40 అయింది. పెద్ద హైబ్రిడ్డు మీది 43 కూడా 40 అయింది. హైబ్రిడ్డుకి ఉన్న ఏడు శాతం వెసులుబాటు తెల్లారేసరికి మాయం. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. వరాలకీ కొదవ లేదు, వరాలు వెనక్కి తీసుకోవడానికీ కొదవ లేదు.

ఈ నూట పాతికేళ్ళ చరిత్ర చదివాక నాకు తోచింది ఇది. కారు ఆదాలో రెండు రకాలున్నాయి. ఒకటి బండి ఇచ్చేది, రెండోది ప్రభుత్వం ఇచ్చేది. గాలిని బాగా అదిమి తక్కువ నూనెతో నడవడం డీజిలు బండి సొంత గుణం. బ్రేకులో పోయే శక్తిని దాచుకోవడం హైబ్రిడ్డు సొంత గుణం. అవి బండి ఉన్నన్నాళ్ళూ ఉంటాయి. లీటరు మీద ముప్ఫై రూపాయల తేడా, పన్నులో ఏడు శాతం తగ్గింపు, ఇవి పెళ్ళివారింటినుంచి తెచ్చుకున్న నగలు. ఎప్పుడు అడిగితే అప్పుడు తిరిగిచ్చెయ్యాలి. 2012లో మావారు ఆ ఎరువు నగలని సొంతమనుకుని పదేళ్ళకి లెక్క వేశారు. తప్పు గుణకారంలో లేదు, రాబోయే పదేళ్ళూ ఈవేళలాగే ఉంటాయనుకోవడంలో ఉంది.

అంచేత పద్దు రాసేటప్పుడు రెండు గళ్ళు గియ్యండి. బండి ఇచ్చేది ఒక గడిలో, ప్రభుత్వం ఇచ్చేది ఇంకో గడిలో. రెండో గడి కొట్టేసినా లెక్క గిట్టుబాటయితేనే ఎక్కువ డబ్బు పెట్టండి. లేకపోతే మామూలు పెట్రోలు బండి కొనుక్కుని మిగిలింది బ్యాంకులో వేసుకోవడమే మేలు. తక్కువ తిరిగే ఇంటికి అన్నిటికన్నా చవకైన ఇంధనం, కొననిదే!

ఆ సాయంత్రం అబ్బాయికి నేనే ఫోను చేశాను. "నాన్నగారు ఏమన్నారు?" అన్నాడు ఆత్రంగా.

"నాన్నగారి మాట తర్వాత. ఏడాదికి మీరు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు?"

"ఇరవై వేలకి తక్కువుండదమ్మా."

"నువ్వాగు. ఫోను కోడలికియ్యి."

కోడలు నిదానస్తురాలు. పెట్రోలు బిల్లులన్నీ ఓ డబ్బాలో వేసి ఉంచుతుంది. "ఇప్పుడున్న కారు నాలుగేళ్ళలో ముప్ఫై ఆరు వేలు తిరిగిందత్తయ్యా" అంది. అంటే ఏడాదికి తొమ్మిది వేలు.

వెనకాల వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్న మావారు, నిద్రపోతున్నారనుకున్నాను, కళ్ళు తెరవకుండానే అన్నారు: "ఆ నోటుబుక్కు వాడికి పంపించు. మొదటి పేజీ ఒక్కటే కాదు, నువ్వు రాసిన చివరి పేజీ కూడా."

నేను రాసినట్టు ఆయనకి తెలుసని నాకు ఆ క్షణం దాకా తెలియదు.